మిగిలిన పొగ

కాలువగట్టు కాలనీ, ఖమ్మం
2007 జూన్ 18

పుల్లమ్మకు,

ఎలా ఉన్నావు? జంపయ్య అన్న మోకాలు నొప్పి తగ్గిందా? మొన్న నువ్వు గుట్ట ఎక్కి ఫోన్ చేస్తే "హలో, హలో" అనుకోవడంతోనే అయిపోయింది. మీ ఇప్పలగుంపు దాకా టవరు వచ్చేవరకు మనకు ఉత్తరమే నయం. మా నాన్న దుమ్ముగూడెం ఆనకట్ట మీద పనిచేసిన రోజుల్లో ఒకే బెంచీ మీద కూర్చుని పదో తరగతి దాకా చదివిన వాళ్ళం. నువ్వు అంగన్‌వాడీలో ఇన్నేళ్ళు చేశావు కాబట్టి నీ దస్తూరీ ఇంకా గుండ్రంగానే ఉండి ఉంటుంది. నాదే పాడైపోయింది.

ఇక్కడ ఒక కొత్త పని నెత్తిన వేసుకున్నాను. హైదరాబాద్ నుంచి "ఆకుపచ్చ అడుగు" అని ఒక సంస్థ వచ్చింది. మురళీకృష్ణ అని ఒక అబ్బాయి, మర్యాదస్తుడు, మా కాలనీలో మీటింగు పెట్టాడు. ఇంట్లో వెలిగే ప్రతి బల్బుకూ పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో కొంత బొగ్గు కాలుతుందట. గ్యాసు, పెట్రోలు, మనం తగలబెట్టే చెత్త అన్నీ కలిపితే ఒక కాలనీ ఏడాదికి ఎంత పొగ వదులుతుందో లెక్క కట్టవచ్చట. ఆ పొగ వల్లే ఎండలు ఇలా ముదురుతున్నాయని, తగ్గించగలిగినంత తగ్గించి, మిగిలినదాన్ని ఇంకో విధంగా సరిచేస్తే లెక్క సున్నాకు వస్తుందని చెప్పాడు. ముందు మా కాలనీ, తర్వాత వార్డు, ఆ తర్వాత ఖమ్మం మొత్తం.

లెక్క రాసేది ఎవరు అంటే అందరూ నా వైపు చూశారు. గ్యాసు బండ మార్చిన రోజు క్యాలెండరు మీద రాసుకునేది ఈ వీధిలో నేనొక్కదాన్నే. కమిటీ అధ్యక్షురాలు నాగలక్ష్మిగారు అందరి ముందూ, "ఏంది పుష్పలతా, రేపటి సంది మా పప్పు ఎన్ని విజిల్స్ రావాల్నో గూడ నువ్వే చెప్తవా?" అన్నది. నవ్వులే నవ్వులు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నాలుగేళ్ళ కిందట మే నెలలో మా అత్తగారు పున్నమ్మగారు ఎండకే పోయారు కదా. కరెంటు లేదు. తడిగుడ్డ కప్పితే నిమిషాల్లో ఆరిపోయేది. మళ్ళీ తడిపేదాన్ని. ఆ రోజు ఆ ఎండను ఎవరిమీద వేసి తిట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు దానికొక కారణం ఉందని, తగ్గించే దారి ఉందని ఎవరో చెబితే ఎలా కాదనను?

మీకు వానలు పడ్డాయా? చెలకలో ఏం వేస్తున్నారు?

నీ
పుష్పలత


ఇప్పలగుంపు
2007 జూలై 9

పుష్పా,

నీ ఉత్తరం తెచ్చిన పోస్టాయన ఇంట్లో జావ తాగి, ఉత్తరం నేను చదివేదాకా కూర్చుని, "ఏమన్నది?" అని అడిగి మరీ పోయాడు. ఈ ఊరికి ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో పాపం.

మీ పొగ లెక్క మా ఆయనకు చదివి వినిపించాను. "మనకు ఒక్కటే బల్బు. అది గూడ కరెంటు ఉన్ననాడు. పుట్టినకాడి నుంచి సున్నాలనే ఉన్నం. ఏదన్న ఇనాం ఉంటే పంపమను" అన్నాడు. మోకాలు నొప్పి తగ్గలేదు. నోరు మాత్రం బాగానే పనిచేస్తున్నది.

వానలు బాగానే మొదలయ్యాయి. కింది చెలకలో జొన్న, కంది వేశాం. ఇది మూడో పంట. వచ్చే ఏడు దాన్ని పడుకోబెట్టి పై చెలకకు పోతాం. పై చెలక రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. గడ్డి, తుప్పలు, తునికి పిలకలు లేచాయి. మా మామ కాలం నుంచి ఇంతే, ఒకటి పండితే ఒకటి పడుకుంటుంది. ఎరువు కొనే పని లేదు.

నీకు ఇది చెప్పలేదేమో. విత్తనాల పండుగ నాడు పూజారి ప్రతి ఇంటికీ గుప్పెడు గింజలు ఇస్తాడు. మా ఇంట్లో పడుకున్న చెలకకు కూడా ఒక గుప్పెడు తీస్తాం. అడ్డాకులో పొట్లం కట్టి పొయ్యి మీద దూలానికి వేలాడదీస్తాం. పొగ తగులుతూ ఉంటే పురుగు పట్టదు. పొగ తగలకపోతే నెలలో పిండి అయిపోతుంది. ఆ పొట్లం ఆ చెలకలోనే విప్పాలి, ఇంకెక్కడా విప్పకూడదని మా అత్త ఎర్రమ్మ పోయేముందు కూడా చెప్పింది. అందుకని మా పొగ మాత్రం నీ లెక్కలో రాయకు. అది గింజలకు కావాలి.

నీ
పుల్లమ్మ


ఖమ్మం
2007 ఆగస్టు 27

పుల్లమ్మకు,

రెండు నెలల పని చెబుతాను విను. పాత బల్బులు దాదాపు అన్ని ఇళ్ళలో తీయించాం. బోరు మోటార్లు పొద్దున ఒక్కసారే వేయాలని కట్టుబాటు పెట్టుకున్నాం. రాలిన ఆకులు తగలబెట్టడం మాన్పించి, చుట్టూ ఇటుకలు పేర్చి మీద చిల్లుల డబ్బా మూత పెట్టిన గుంటలో వేయిస్తున్నాం. ఆరు ఇళ్ళవాళ్ళు ఎండతో నీళ్ళు కాగే మిషన్లు పెట్టించుకున్నారు. పిల్లల్ని బడికి ఒక్కొక్కరు ఒక్కో స్కూటరు మీద దింపే బదులు ఆటో మాట్లాడుకున్నారు. మొదట సణిగినవాళ్ళే ఇప్పుడు పోటీ పడుతున్నారు. ఫ్రిజ్ ఆపేసి పాలు విరగ్గొట్టుకున్న ఆవిడ కూడా ఉంది.

ఇంత చేసినా సగమే తగ్గింది. మిగిలిన సగం ఎక్కడ తగ్గించాలో ఎవరికీ తోచలేదు. కరెంటు పాల్వంచ బొగ్గుదే, బస్సు డీజిలుదే, మనం తినేదీ కట్టేదీ ఎక్కడినుంచో లారీలో వచ్చేదే. రోడ్డుకు అవతల గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీల జనరేటర్లు రాత్రీ పగలూ మోగుతుంటాయి. "వాటిని రాయొద్దా?" అని అడిగితే, "ఆంటీ, మన గీత రోడ్డు దాకానే" అన్నాడు మురళీకృష్ణ.

మిగిలిన పొగకు చెట్లు పెట్టాలట. అవి పెరుగుతూ ఆ పొగను పీల్చుకుంటాయట. కాలనీలో పది మొక్కలకు కూడా చోటు లేదు. "ఎక్కడైనా ఖాళీ జాగా తెలుసా?" అని మీటింగులో అడిగారు. నాకు చప్పున నీ పై చెలక గుర్తుకొచ్చింది. రెండేళ్ళుగా ఖాళీగా ఉందని రాశావు కదా! పేరు చెప్పేశాను. జంపయ్య అన్నకు కాపలా పని ఇస్తారట, నెలనెలా జీతం. మోకాలు నొప్పితో నాగలి పట్టే బాధ ఉండదు. మొక్కలు కూడా వాళ్ళే తెస్తారు. నిన్ను అడగకుండా చెప్పానని కోప్పడవని నా ధైర్యం.

చప్పట్లు కొట్టారు తెలుసా. నాకు కాదు, నీ చెలకకు.

నీ
పుష్పలత


ఇప్పలగుంపు
2007 సెప్టెంబరు 8

పుష్పా,

వెంటనే వాళ్ళను ఆపు.

అది ఖాళీ కాదు. పడుకున్నది. నిద్రపోయే మనిషి మాట్లాడడం లేదని ఇల్లు ఖాళీ అంటారా? నేను రాయడంలోనే ఖాళీ అని రాశాను, నా తప్పు. మేం అందరం అట్లాగే అనుకుంటాం, విన్నవాళ్ళకు తెలుసు కాబట్టి. నీకూ తెలుసనుకున్నాను.

వచ్చే ఏడు కింది చెలక పడుకోవాలి. పై చెలక లేకపోతే మేం ఏం తింటాం? ఇంకొక మాట. అడవి భూములకు హక్కు పత్రాలు ఇస్తారని చట్టం వచ్చింది. మొన్న సర్పంచ్ వచ్చి, సాగు చేసే చెలకలన్నీ కొలుస్తారని చెప్పాడు. ఆ కొలిచేవాళ్ళు వచ్చేసరికి అక్కడ వరసగా చెట్లుంటే చెలక అని ఎవరంటారు?

మా ఆయన నీ ఉత్తరం విని లేచి పై చెలక దాకా పోయి వచ్చాడు. తర్వాత, "పుష్పలతమ్మ మంచి మనసుతోనే చెప్పింది. గానీ జల్దీ వద్దనమను" అన్నాడు. జీతం సంగతి అడగనే లేదు.

పుల్లమ్మ


ఖమ్మం
2007 సెప్టెంబరు 17

పుల్లమ్మా,

నీ ఉత్తరం అందిన రోజే మురళీకృష్ణ దగ్గరికి వెళ్ళాను. అంతా వివరంగా చెప్పాను, పడుకోబెట్టడం, మూడు పంటలు, కొలతలు, అన్నీ. అతను చిన్న పుస్తకంలో రాసుకుని, "సరే ఆంటీ, వేరే చోటు చూస్తాం" అన్నాడు. నాగలక్ష్మిగారు మాత్రం, "జాగ చెప్పింది నువ్వే, వద్దంటున్నదీ నువ్వే. గిట్లయితే ఎట్ల పుష్పలతా?" అని విసుక్కుంది. విసుక్కోనీ.

నువ్వు నిశ్చింతగా ఉండు. ఆపించాను.

తెలియక చేశాను. పొలాలున్న ఇంట పుట్టాను, మా సొంతూరు వేంసూరులో ఒక్క సెంటు కూడా ఊరికే ఉంచేవాళ్ళు కాదు. భూమి పడుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

నీ
పుష్పలత


ఇప్పలగుంపు
2007 నవంబరు 21

పుష్పా,

జొన్న కోత అయిపోయాక ఊళ్ళో సగం మందిమి అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో గెలలు మోసే పనికి పోయాం. తిరిగి వచ్చేసరికి పై చెలక నిండా గుంటలు, గుంటకొక నీలగిరి మొక్క. తుప్పలన్నీ కొట్టి కుప్పేసి కాల్చారు. ఆ బూడిద మేం విత్తేముందు చల్లుకునేది. గాలికి పోయింది.

సూపర్‌వైజరు ఒకడు గొడుగు కింద కూర్చున్నాడు. మా ఆయన పోయి అడిగాడు.

"ఎవరి జాగ అనుకుంటున్నరు సార్ ఇది?"

"నీదా? కాయితం ఉందా?"

"కాయితం ఏడిది? మా అయ్య దున్నిండు, నేను దున్నిన. ఇప్పుడు పండుకోబెట్టినం."

"పండుకోబెట్టినవా! జోలపాట గూడ పాడినవా?" అని కూలీల వైపు చూసి నవ్వాడు. "గిన్ని మంచి చెట్లు పెడితే నీకేం నొప్పి పెద్దమనిషీ? చల్లగుంటది."

మా ఆయనకు కోపం వచ్చి ఒక మొక్క పీకాడు. పీకి చేతిలో పట్టుకున్నాడు. వేర్లకు మట్టి ఉంది, తడిగా ఉంది. ఆయన సంగతి నీకు తెలుసు, కలుపు తీసినా వేరున్నదాన్ని గట్టున నాటే మనిషి. మా వాళ్ళలో వేరు పట్టిన మొక్కను ఊరికే పారేయరు. "దీందేం తప్పు" అని వంగి మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి తొక్కాడు. అప్పుడు ఆ సూపర్‌వైజరు ఫొటో తీశాడు. "నవ్వు పెద్దమనిషీ" అన్నాడు. ఎందుకో తెలియక ఈయన నవ్వాడు.

నువ్వు ఆపించానని రాశావు. నీ ఉత్తరం నా దగ్గరే ఉంది.

పుల్లమ్మ


ఖమ్మం
2008 జనవరి 29

పుల్లమ్మా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేకపోయాను. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

వేరే చోటు చూస్తామన్న మాట నిజమేనట. చూశారట, దొరకలేదట. అప్పటికే మీ చెలక మ్యాపులో ఎక్కిందట. మురళీకృష్ణ నా ముఖంలోకి చూడకుండా చెప్పాడు. "ఆంటీ, ఆ చెట్లు తీసేస్తే మీరు ఇన్ని నెలలు చేసిన కష్టం లెక్కలోకి రాదు" అన్నాడు.

రిపబ్లిక్ డే నాడు ఫంక్షన్ అయింది. మా కాలనీ సున్నా అయిందని ప్రకటించారు. పెద్ద తెర మీద బొమ్మలు వేశారు. బల్బులు, ఆకుల గుంట, ఆటోలో పిల్లలు. చివర జంపయ్య అన్న. మొక్క చుట్టూ రెండు చేతులు, ఆ నవ్వు. కింద "అడవి బిడ్డల భాగస్వామ్యం" అని రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్నావిడ, "ఎంత అమాయకంగ నవ్వుతున్నడో సూడు" అన్నది.

లేచి చెప్పాలనుకున్నాను. లేవలేదు. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, వెంకటనారాయణగారి సంగతి నీకు తెలుసు, ఆయన ఎరువుల కొట్టు దాటి ఆలోచించరు, "ఊరంతా మెచ్చుకుంటుంటే నీకెందుకు ఈ ఏడుపు? నాలుగు చెట్లు పెట్టారు. హత్య చేశారా?" అన్నారు.

శాలువా బీరువాలో పెట్టలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీ మీదే ఉంది.

పుష్పలత


పోస్టు కార్డు
ఇప్పలగుంపు, 2008 మే 14

పుష్పా,

కొలిచేవాళ్ళు వచ్చారు. కింది చెలక కొలిచారు. పై చెలక దగ్గర ఆగి, "ఇది తోట, సాగు కాదు" అన్నారు. మాదేనన్నాం. వాళ్ళ దగ్గర మా ఆయన ఫొటో ఉంది. "నీ చేత్తో నువ్వే నాటినవ్ కదా" అన్నారు. గట్టు మీద బోర్డు పాతారు. ఖమ్మం కాలువగట్టు కాలనీ మహిళా కమిటీ అని, కింద స్థలం సూచించి సంతకం చేసిన వారు పుష్పలత అని. అక్షరాలు పచ్చ రంగు. మా ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు నలుగురే. నలుగురూ వచ్చి నన్ను అడిగారు, ఈ పుష్పలత నీకు ఉత్తరాలు రాసే ఆమేనా అని.

పుల్లమ్మ


ఖమ్మం
2008 జూన్ 3

పుల్లమ్మా,

అవును. సంతకం నాదే. ఆ మీటింగు రోజే పెట్టించుకున్నారు. చప్పట్ల మధ్య పెట్టాను. సంస్థవాళ్ళు ఒక కాగితం ఇచ్చారు, పూర్తిగా చదివే పెట్టాను. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టను నేను. అందులో "నిరుపయోగంగా ఉన్న స్థలం" అని ఉంది. నాకు అది సరైన మాటే అనిపించింది. నీకు రాస్తే నువ్వు భయపడతావని తర్వాత చెప్పలేదు. ఆపించానుగా, ఇక అవసరం లేదులే అనుకున్నాను.

నీ కార్డు చూశాక ఊరుకోలేదు. మురళీకృష్ణ వేరే జిల్లాకు మారిపోయాడు. అతని చోట వచ్చినతను నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ చెలక మా సంస్థది కాదు మేడమ్, మేం మొక్కలు మాత్రమే పెట్టాం అన్నాడు. భూముల ఆఫీసుకు వెళితే, మొక్కలు పెట్టినవాళ్ళు ఒప్పుకుంటే చూద్దామన్నారు. కొత్తగూడెం పంపారు. అక్కడినుంచి భద్రాచలం పంపారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరూ కసురుకోలేదు. ఎవరైనా కసురుకుంటే బాగుండేదనిపించింది, కనీసం నేను అడిగింది వాళ్ళకు వినబడిందని తెలిసేది.

కమిటీలో చెప్పాను. ఈ సున్నా సున్నా కాదు, మన వాకిలి ఊడ్చి చెత్తంతా పుల్లమ్మ వాకిట్లో పోశాం అన్నాను. నాగలక్ష్మిగారు చెడ్డమనిషి కాదు. ఆవిడ మెల్లగా, "ఇప్పుడు తీసేస్తే వచ్చే ఏడు వార్డుకు ఎవరొస్తరు పుష్పలతా? ఊరు మొత్తం చెయ్యాలంటివి గదా" అన్నది. నేనే అన్నాను ఆ మాట. ఊరు మొత్తం చేయాలని, ఇప్పటికీ చేయాలనే అనుకుంటున్నాను, అదే నాకు అర్థం కాకుండా ఉంది. ఎండలు నిజం. పొగ నిజం. బల్బులు మార్చడం, ఆకులు కాల్చకపోవడం మంచి పనులే. అక్కడే ఆగి, మిగిలిన సగం మిగిలే ఉందని ఒప్పుకుని ఉంటే సరిపోయేది. సున్నా కావాలన్నాం. ఆ మిగిలిన సగం మేం తగ్గించాలంటే మా బతుకే మార్చుకోవాలి. అది ఎవరికీ చేతకాక నీ బతుకు మార్చాం.

ఈ ఏడు ఎక్కడ విత్తుతున్నారు? జవాబు రాయి. తిట్టి అయినా రాయి.

పుష్పలత


ఖమ్మం
2009 మార్చి 22

పుష్పా,

పైన ఊరి పేరు చూసి ఉలిక్కిపడి ఉంటావు. పొరపాటు కాదు. ఖమ్మం నుంచే రాస్తున్నాను.

పోయిన ఏడు కింది చెలకలోనే నాలుగోసారి విత్తాం. పడుకోవాల్సినదాన్ని లేపితే ఏమిస్తుంది? మోకాలెత్తు లేచి ఎండిపోయింది. మిర్చి సీజనుకు జనం ఖమ్మం పోతుంటే మేమూ లారీ ఎక్కాం. నేను కోల్డ్ స్టోరేజి దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. మా ఆయన మోకాలుతో మూటలు మోయలేడు, గ్రానైటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటాడు. కాపలా పనే. నువ్వు చెప్పిన పని ఇట్లా దొరికింది.

కాలువ పక్కన ఖాళీ ప్లాటులో ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉంటున్నాం. వచ్చాక తెలిసింది, ఇదే మీ కాలనీ అని. ఆకుల గుంట చూసి గుర్తుపట్టాను. నువ్వు రాసినట్టే ఉంది, చుట్టూ ఇటుకలు, మీద చిల్లుల డబ్బా మూత. నిన్ను కూడా చూశాను. సంచి పట్టుకుని పోతున్నావు. లావయ్యావు. పిలవలేదు.

మొన్న మీ వాచ్‌మన్ హాతీరాం వచ్చాడు, వెనక ఇద్దరు అమ్మలు. కట్టెల పొయ్యి పెట్టొద్దన్నారు.

"ఇది సున్నా కాలనీ అమ్మా. ఈడ పొగ రావద్దు."

"గ్యాసు ఇస్తరా మరి?" అన్నాను.

"రేషన్ కార్డు ఈడిదేనా?"

"దుమ్ముగూడెంది."

"అయితే ఎట్ల ఇస్తరు?"

రోడ్డు అవతల ఫ్యాక్టరీ నుంచి నల్లపొగ లేస్తోంది. చూపించాను. "అది మా గీత అవతల" అన్నది ఒకామె. ఇంకొకామె నెమ్మదిగా, "నీ మీద కోపం లేదమ్మా. పుష్పలతక్క లెక్క ఖరాబైతది, అంతే" అన్నది.

పుష్పలత నాకు తెలుసని చెప్పలేదు.

హాతీరాం మంచివాడు. తండాలో వాళ్ళ భూమీ ఇట్లాగే పోయిందట. ఆ అమ్మలు పోయాక మెల్లగా, "పొద్దుగాల ఆళ్ళు వాకింగుకు రాకముందే వండుకో అక్కా" అన్నాడు. అట్లాగే చేస్తున్నాను. పై చెలక గింజల పొట్లం వెంట తెచ్చుకున్నాను. పట్టా గుంజకు, పొయ్యి మీదికి వచ్చేట్టు కట్టాను. ఆ కాస్త పొగ చాలు దానికి.

ఈ ఉత్తరం ఎందుకు పోస్టులో వేస్తున్నానో నాకే తెలియదు. నీ ఇల్లు మూడో వీధి. నడిచి వచ్చి ఇవ్వవచ్చు. ఇన్నేళ్ళు మనం ఉత్తరాల్లోనే మాట్లాడుకున్నాం, ఎదురుగా ఏం మాట్లాడాలో తోచలేదు.

పుల్లమ్మ


ఖమ్మం
2009 జూన్ 25

పుల్లమ్మా,

ఈ ఉత్తరం ఇప్పలగుంపుకే వేస్తున్నాను. నాకు తెలిసిన చిరునామా అదొక్కటే. నువ్వు అక్కడ లేవని తెలుసు.

నీ ఉత్తరం పోస్టాఫీసు తిరిగి ఐదో రోజుకు నా చేతికి వచ్చింది. మూడు వీధుల అవతల నుంచి! చదివి చెప్పుల్లేకుండానే వచ్చాను. ప్లాటు ఊడ్చినట్టు ఉంది. మూడు రాళ్ళు, మధ్యలో బూడిద. ముందురోజే ఖాళీ చేయించారట. హాతీరాం గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. "నేను చెప్పిన మేడమ్, ఆమె పొద్దుగాల్నే వండుకుంటదని. ఇనలే" అన్నాడు. ఎటు పోయారని అడిగితే, లారీ ఎక్కారు, విజయవాడ వైపో అశ్వారావుపేట వైపో తెలియదన్నాడు.

గ్రానైటు ఫ్యాక్టరీకి వెళ్ళి అడిగాను. గేటు దగ్గర వేరే ముసలాయన ఉన్నాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్ళను అడిగాను. పుల్లమ్మలు చాలామంది ఉన్నారు. నువ్వు లేవు. మే నెలలో ఇప్పలగుంపు కూడా వచ్చాను. మీ ఇంటి తలుపుకు తడిక కట్టి ఉంది. పై చెలకలో నీలగిరి నా తలెత్తు దాటింది. కింద గడ్డి లేదు. బోర్డు మీద నా పేరు ఎండకు వెలిసింది కానీ ఇంకా చదవవచ్చు.

కమిటీలో ఈ నెల లెక్క రాస్తూ మార్చికి ఒక కట్టెల పొయ్యి చేర్చాను. ఉంది కాబట్టి రాశాను. నాగలక్ష్మిగారు చూసి, "ఆ గుడిసె ఇప్పుడు లేదు గద" అని కొట్టేసింది. సున్నా మళ్ళీ సున్నా అయింది. ఆ పుస్తకం ఆవిడ ముందే పెట్టి వచ్చేశాను. ఎవరో ఒకరు రాస్తారు. వచ్చే నెల నుంచి వార్డు మొత్తం మొదలుపెడుతున్నారు. ఇంకా చాలా జాగా కావాలట.

ఒక్క విషయం చెప్పడానికే రాస్తున్నాను. ఆ రోజు ప్లాటులో విరిగిన గుంజ ఒకటి పడి ఉంది. దానికి నీ అడ్డాకు పొట్లం కట్టి ఉంది. తొందరలో మరిచిపోయి ఉంటావు. విప్పలేదు. ఇంటికి తెచ్చి వంటింట్లో పొయ్యి మీద మేకుకు వేలాడదీశాను. మాది గ్యాసు పొయ్యి. పొగ రాదు. పొగ కోసం పుల్లలు అంటించాను, మా ఆయన ఇల్లు కాలుతుందని ఆర్పేశారు. రోజూ సాంబ్రాణి వేస్తున్నాను.

తొలకరి ఆలస్యంగా మొన్ననే పడింది. నిన్న పొద్దున పొయ్యి తుడవబోతే పొట్లం కింద గట్టు మీద సన్నటి పిండి రాలి ఉంది.

పుష్పలత